నర్సమ్మ చేతులు ఎన్నిసార్లు కడగాలి?

బంధువులెవరికైనా సుస్తీ చేస్తే చూడటానికి పెద్ద ఆసుపత్రికి వెళ్ళివుంటారు కదా! అక్కడ రోగి మంచం కమ్మీకో, పక్కనున్న గోడకో ఒక చిన్న సీసా తగిలించి వుండటం గమనించారా? నర్సమ్మ వస్తుంది, దాని మూత నొక్కుతుంది, అరచేతి గుంటలోకి కాస్త ద్రవం పట్టి రెండు చేతులూ రుద్దుకుంటుంది. ఆ తర్వాతే రోగి నాడి చూస్తుంది. పక్క మంచం దగ్గరికి వెళ్ళి మళ్ళీ అదే పని. “ఇప్పుడే కదా రుద్దుకుంది, మళ్ళీ ఎందుకు?” అని మీకు అనిపించవచ్చు. ఆ సీసా గదిలో ఒక మూల కాకుండా సరిగ్గా మంచం దగ్గరే ఎందుకుంది? దీని వెనక ఒక చిన్న లెక్క వుంది. మీరు కూడా చెయ్యగలిగిన లెక్కే.

ముందుగా చేతుల సంగతి చూద్దాం. మన చర్మంమీద రెండు రకాల సూక్ష్మజీవులు వుంటాయి. కొన్ని అక్కడే కాపురముండేవి. చర్మపు పొరల్లో, వెంట్రుకల కుదుళ్ళలో వుంటాయి. ఎంత కడిగినా పూర్తిగా పోవు, మామూలుగా హాని చెయ్యవు. రెండో రకం బాటసారులు. దేన్ని ముట్టుకుంటే దానినుంచి చేతికి అంటుకొని, తర్వాత ముట్టుకున్నదానికి దిగిపోతాయి. ఆసుపత్రిలో భయపడవలసింది ముఖ్యంగా వీటికే. అదృష్టమేమిటంటే, కడిగితే తేలికగా పోయేవి కూడా ఇవే.

ఇంట్లో మనకు పెద్దగా హాని చెయ్యనివి ఆసుపత్రిలో ఎందుకు చేస్తాయి? ఆరోగ్యంగా వున్నవాడికి చర్మం కోటగోడలాంటిది. ఆసుపత్రి మంచంమీద వున్నవాడికి ఆ గోడకు కంతలు పడి వుంటాయి. సెలైన్ ఎక్కించటానికి రక్తనాళంలో సూది, మూత్రం పోవటానికి గొట్టం, ఆపరేషన్ చేసిన గాయం, ఇవన్నీ లోపలికి దారులే. స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా పొడి వస్తువుల మీద కూడా రోజుల తరబడి, ఒక్కొక్కప్పుడు నెలల తరబడి బ్రతికి వుంటుంది. కాబట్టి నర్సు రోగిని తాకకపోయినా, మంచం కమ్మీనో దుప్పటినో సర్దితే చాలు, బాటసారులు ఎక్కేస్తాయి.

ఇప్పుడు ఒక నర్సమ్మ వెంట నడుద్దాం. మూడో మంచం రోగిని తాకబోయేముందు చేతులు శుభ్రం చేసుకోవాలి. జ్వరం చూసింది. అతనికే ఇంజెక్షన్ ఇవ్వాలి. సూది పట్టుకునేముందు మళ్ళీ శుభ్రం చేసుకోవాలి. ఇచ్చాక రక్తపు చుక్క తుడిచింది; మళ్ళీ. అతన్ని వదిలి వెళ్ళేటప్పుడు మళ్ళీ. పోతూ పోతూ అతని దుప్పటి మాత్రమే సర్దినా సరే, మళ్ళీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన మార్గదర్శకాలలో వున్న అయిదు సందర్భాలు ఇవే.

చేతులవల్ల రోగం పాకుతుందని రుజువై చాలా కాలమైంది. వియన్నా జనరల్ ఆసుపత్రిలో రెండు కాన్పుల విభాగాలు వుండేవి. ఒకదానిలో డాక్టర్లు, వైద్య విద్యార్థులు, రెండోదానిలో మంత్రసానులు. 1846లో డాక్టర్ల విభాగంలో నూటికి 11 మందికి పైగా తల్లులు చనిపోతే, మంత్రసానుల విభాగంలో ముగ్గురికి లోపే. డాక్టర్లు శవాలను కోసి పరీక్షించి, అవే చేతులతో కాన్పులు చేస్తున్నారని ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ గ్రహించాడు. 1847 మే నెలలో బ్లీచింగు పొడి నీళ్ళతో చేతులు కడుక్కోవాలని నియమం పెట్టాడు. ఏప్రిల్‌లో నూటికి 18 వున్న మరణాలు జూన్‌లో 2కు దిగాయి. సూక్ష్మజీవులే రోగకారణమని అప్పటికి ఎవరూ నిరూపించలేదు!

అయితే తెలిసిన తర్వాత అందరూ కడుక్కుంటున్నారా? 1994లో స్విట్జర్లాండులోని జెనీవా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో డిడియే పిటే అనే డాక్టరు, అతని బృందం వార్డుల్లో నిలబడి లెక్క కట్టారు. కడగవలసిన ప్రతి నూరు సందర్భాల్లో 48 సార్లు మాత్రమే కడుగుతున్నారు. అజాగ్రత్త అని మీరు వెంటనే తీర్పు చెప్పవద్దు. పని ఎక్కువైన కొద్దీ కడగటం తగ్గిందని కూడా ఆ లెక్కలోనే తేలింది.

పలక తీయండి. ఐ.సి.యు.లో గంటకు 20 సార్లకు పైగా చేతులు శుభ్రం చేసుకోవలసిన అవసరం వచ్చింది. 20 అనే అనుకుందాం. సింకు దాకా నడిచి, సబ్బుతో కడిగి, తుడుచుకొని రావటానికి ఎంత తక్కువ వేసినా 1 నిమిషం. గంటలో 20 నిమిషాలు కడగటానికే సరి! అంటే మూడో వంతు కాలం నర్సు రోగి దగ్గర వుండదు. అలా కుదిరే పనేనా? ఇక సీసా మంచానికే తగిలించి వుందనుకోండి. నడక లేదు, తుడుచుకోవటం లేదు. రుద్దటానికి 20 సెకండ్లు. 20 × 20 = 400 సెకండ్లు, అంటే 6 నిమిషాల 40 సెకండ్లు.

జెనీవాలో చేసింది ఇదే. గోడలకు పెద్ద బొమ్మల ప్రకటనలు అతికించి, సీసాలను మంచాల దగ్గరికి తెచ్చారు. 1997 నాటికి 48 కాస్తా 66 అయింది. సబ్బుతో కడగటం పెరగలేదు, పెరిగినదంతా సీసావల్లనే. ఆసుపత్రిలో వుండగా కొత్త రోగం అంటుకున్నవారు 1994లో నూటికి సుమారు 17 మంది వుంటే, 1998లో 10కి తగ్గారు. ఇంకో ముచ్చట: బాగా మెరుగుపడినవారు నర్సులు, వారి సహాయకులు. డాక్టర్లు మాత్రం ఎక్కడున్నవారు అక్కడే వున్నారు!

సీసాలో ఏముంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన ఒక పాళ్ళ ప్రకారం నూటికి 80 పాళ్ళు ఆల్కహాలు, కొంచెం గ్లిసరిన్, మరికొంచెం హైడ్రోజన్ పెరాక్సైడు, మిగతాది నీరు. శుద్ధమైన ఆల్కహాలు ఇంకా బలంగా పనిచెయ్యదా అని మా క్లాసులో ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. చెయ్యదు. గుడ్డులోని తెల్లసొన వేడికి గడ్డకట్టినట్లే, ఆల్కహాలుకు బాక్టీరియాలోని మాంసకృత్తులు పాడవుతాయి. ఆ మార్పుకు నీరు కూడా కావాలి. గ్లిసరిన్ చర్మం పగలకుండా కాపాడుతుంది. పగిలిన చేతిని రోజూ ఇన్నిసార్లు ఎవరు రుద్దుకుంటారు?

కాని ఈ సీసాతో అన్ని పనులూ జరగవు. చేతికి కంటికి కనిపించే మురికో రక్తమో అంటితే సబ్బూ నీళ్ళూ తప్పవు. క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ అనే విరేచనాల బాక్టీరియా గట్టి పెంకు గల సిద్ధబీజాలుగా మారుతుంది. వాటిని ఆల్కహాలు చంపలేదు, నీటితో కడిగి వదిలించుకోవలసిందే.

మరి రబ్బరు తొడుగులున్నాయి కదా అంటారా? 1889–90 కాలంలో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో కరోలిన్ హాంప్టన్ అనే నర్సు చేతులు మెర్క్యురిక్ క్లోరైడు ద్రావణానికి పుండ్లు పడుతుంటే, సర్జన్ హాల్‌స్టెడ్ ఆమెకోసం తొడుగులు చేయించాడు. అంటే అవి మొదట వచ్చింది నర్సును కాపాడటానికి! తొడుగుల మీద కూడా బాటసారులు ఎక్కుతాయి. కంటికి కనబడని చిల్లులుంటాయి. విప్పేటప్పుడు పైనున్నది చేతికి అంటుతుంది. అందుకే ఒక రోగికి వాడినవి మరొకరి దగ్గరికి తీసుకుపోరాదు, విప్పగానే చేతులు శుభ్రం చేసుకోవాలి.

రుద్దటంలో కూడా పద్ధతి వుంది. మీరే పరీక్షించుకోండి. స్నేహితుడి కళ్ళకు గంతలు కట్టి, అరచేతిలో కాస్త నీటి రంగు వేసి, సబ్బు అనుకొని రుద్దమనండి. 20 సెకండ్ల తర్వాత గంతలు విప్పి ఎక్కడెక్కడ రంగు అంటలేదో కాగితంమీద చెయ్యి బొమ్మ గీసి గుర్తు పెట్టండి. సాధారణంగా బొటనవేలి వెనక, వేళ్ళ సందుల్లో, వేళ్ళ చివర్లలో చర్మం వెలితిగా మిగిలిపోతుంది. నర్సు సిరంజి పట్టుకునేది ఆ బొటనవేలితో, ఆ వేళ్ళ చివర్లతోనే. నీటిలో కరిగే రంగే వాడండి. తలుపులకు వేసే పెయింటు వద్దు, కిరసనాయిలు పెట్టి రుద్దినా ఒక పట్టాన వదలదు.