డిస్కును తీయు వేళ



మెయిన్‌ఫ్రేము గణనయంత్రమున సమాచారము దాచు డిస్కును వాల్యూమందురు. దానిచే చేయించు పనిని జాబందురు. ఐ.బి.యం. వారి ఎం.వీ.ఎస్. వ్యవస్థలో ప్రతి వాల్యూమునకును రెండు లక్షణము లుండును. మొదటిది నెలవును గూర్చినది: కొన్ని యెన్నడును తీయరానివి, కొన్ని ఆపరేటరు ఆజ్ఞ యిచ్చువఱకు నుండునవి, కొన్ని జాబు ముగిసినంతనే తీయదగినవి. రెండవది వినియోగమును గూర్చినది. పేరు చెప్పి యడిగిన జాబులకే చోటిచ్చునది ప్రైవేటు. పేరు చెప్పని జాబుల తాత్కాలిక సమాచారమునకు చోటిచ్చునది పబ్లికు. అట్టి జాబులు నిలువ యుంచదలచిన సమాచారమునకును చోటిచ్చునది స్టోరేజి.

1970 దశకమున నేను ఆపరేటరుగా క్రొత్తగా జేరితిని. అప్పటి 3330 డిస్కు ప్యాకు 100 మెగాబైట్లది. చేతితో మోసి మార్చెడివారము. ఒకనాటి రాత్రి ఒక ప్యాకును తీయనెంచి ఆఫ్‌లైను ఆజ్ఞ నిచ్చితిని. యంత్రము ‘పెండింగు’ అని బదులిచ్చెను. అనుమతి లభించిన దనుకొని మీట నొక్కబోతిని. మా పెద్ద ఆపరేటరు నా చేయి పట్టుకొని, “ఆగవోయి! జీతముల లెక్క యింకను దానిపై వ్రాయబడుచున్నది” అనెను.

పెండింగనగా నిరాకరణము గాదు, అనుమతియు గాదు. ఉన్న జాబును ముగియనిచ్చి, క్రొత్తదానిని రానీయక, పిదప విడుదల చేయుటకై వేచియుండుట. పావుగంటకు ఆ స్థితి మారెను; అప్పుడే ప్యాకు తీసితిని.

నేటి డిస్కులు చేతికి దొరకవు. ఆ మాట మాత్రము తెరపై నింకను కనబడుచునే యున్నది. దానిని చూచినపుడెల్ల నా చేయి తనంత తానే యాగును.