ఇంజను అకాలముగా చెడినచో జవాబుదారి యెవరు?



ఎద్దును కొనునపుడు పండ్లు చూతుము, నడక చూతుము, సుడులు చూతుము. మోటారుకారును కొనునపుడు ఇంజను లోపలి భాగమును చూడగలవా రెవరు? కనబడని దానిని నమ్మికమీదనే కొనుచున్నాము. అది ఆయువు తీరకమునుపే చెడినచో, అమ్మినవారు “మేము చేసినది కాదు” అందురు. చేసినవారు “మీరు సరిగా వాడలేదు” అందురు. కొన్నవాడు ఇరువురి నడుమ నలిగిపోవును.

ఈ వివాదము పాతదే. అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున మెక్‌ఫర్సన్ అను రాతిపనివాడు ఒక వర్తకునియొద్ద బ్యూక్ కారును కొనెను. చక్రపు కొయ్య ఆకులు విరిగి, కారు కూలి, అతడు గాయపడెను. “అతడు మాయొద్ద కొనలేదు, ఆ చక్రమును మేము చేయలేదు” అని కంపెనీ వాదించెను. 1916లో న్యాయమూర్తి కార్డోజో ఆ వాదమును త్రోసిపుచ్చెను. బండిని కూర్చి లోకములోనికి పంపువారు పరీక్షించియే పంపవలెననియు, నడుమ వర్తకు డున్నంతమాత్రమున ఆ బాధ్యత తొలగదనియు తీర్పు చెప్పెను.

అది దేహమునకు గాయమైన సంగతి. ఇంజను మాత్రమే చెడినచో మన దేశమున దారి యేది? 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, లోపముగల సరుకును గూర్చి అమ్మినవారిమీదనే గాక తయారుచేసినవారిమీదను ఫిర్యాదు చేయవచ్చును. లోపము రుజువైనచో బాగుచేయుమనియో, మార్చి యిమ్మనియో, సొమ్ము వాపసు చేయుమనియో కమిషను ఆజ్ఞాపింపగలదు. వ్యాపారలాభమునకై కొన్నవారి కీ దారి లేదు. స్వయముగా నడుపుకొని పొట్టపోసికొనువారికి గలదు.

అయితే లోపము కంపెనీదో, మనదో తేలుట యెట్లు? ఇంజనులో తిరుగు ఇరుసునకును బేరింగులకును నడుమ పలుచని నూనెపొర యుండును. ఆ పొర తెగినచో ఇనుము ఇనుమును ఒరసి, వేడెక్కి, పట్టివేయును. నూనె మార్చకుండుటవలనను, నీరు తరిగినను చూడక నడుపుటవలనను ఇట్లు జరుగును; అది యజమాని తప్పు. నూనెదారిలో తయారీనాటి ఇనుపరజను మిగిలినను, బేరింగు కొలత తప్పినను ఇట్లే జరుగును. అది కంపెనీ తప్పు. పైకి రెండును ఒక్కటిగనే కనబడును. విప్పి చూచిన నిపుణుడే భేదము చెప్పగలడు.

కావున నూనె మార్చిన ప్రతి రసీదును, సర్వీసు పుస్తకమును భద్రపరుపుడు. చెడిన ఇంజనును తొందరపడి విప్పనీయకుడు; విప్పినచో సాక్ష్యము చెదరును. తొలుత వ్రాతమూలముగా తెలుపుడు. ప్రయోగశాలలో పరీక్ష చేయింపుమని కమిషనును కోరవచ్చును. మీరు నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. కాని వివాదకారణము పుట్టిన 2 సంవత్సరములలోపల చేయవలెను.

నోటిమాట గాలికి పోవును, కాగితము నిలుచును.