పర్యావరణ చట్టం చదవడం ఎందుకు, ఎలా?

మన పిల్లలు లా చదువుతామంటే పెద్దలకు గుర్తొచ్చేవి రెండే: క్రిమినల్ కేసులు, భూమి తగాదాలు. వీటి పక్కనే మరో దారి ఉంది. పర్యావరణ చట్టం, దానితోపాటు ఇప్పుడిప్పుడే పెరుగుతున్న సౌర, పవన విద్యుత్ చట్టం. ఆ చదువు ఏమిటో, ఎలా చదివితే పనికొస్తుందో ఇక్కడ చెప్పదలిచాం.

బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం ఎల్.ఎల్.బి.లో పర్యావరణ చట్టం తప్పనిసరి పేపరు. ఇంటర్ తర్వాత ఐదేళ్ళ కోర్సులో చేరినా, డిగ్రీ తర్వాత మూడేళ్ళ కోర్సులో చేరినా ఇది చదవక తప్పదు. అయితే చాలామంది దీన్ని గైడు కొని గట్టెక్కే పేపరుగానే చూస్తారు. 1974 నీటి చట్టం, 1981 గాలి చట్టం, 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం అని సంవత్సరాలు బట్టీ పడితే మార్కులు వస్తాయి. కానీ వీధి చివర ఫ్యాక్టరీ నుంచి రంగునీళ్ళు కాలువలో కలుస్తుంటే ఎవరికి అర్జీ పెట్టాలో, ఎన్నాళ్ళలోపు పెట్టాలో అలా చదివినవారికి తెలియదు.

ఈ చట్టంలో ముఖ్యమైన పాఠం ఒకటి మన హైదరాబాదు నీళ్ళలోనే పుట్టింది. 1908 మూసీ వరదల తర్వాత నిజాం కాలంలో కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువులు నగరానికి తాగునీరిచ్చాయి. వాటి చుట్టూ 10 కిలోమీటర్ల లోపల కాలుష్య పరిశ్రమలు పెట్టకూడదని 1996లో జీ.ఓ. 111 వచ్చింది. ఆ హద్దులోపలే ఆముదం నుంచి రసాయనాలు తీసే పరిశ్రమ ఒకటి పెట్టబోయారు. కాలుష్య నియంత్రణ మండలి వద్దంది. మా పద్ధతిలో కాలుష్యం రాదని కంపెనీ వాదించింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. 1999లో జస్టిస్ ఎం. జగన్నాథరావు రాసిన తీర్పు ఒక మాట తేల్చింది: హాని జరుగుతుందని ప్రజలు నిరూపించనక్కర్లేదు, హాని జరగదని పరిశ్రమ పెట్టేవారే నిరూపించాలి. 2000లో వచ్చిన రెండో తీర్పు, ఒక్క కంపెనీ కోసం ప్రభుత్వం నిషేధాన్ని సడలించడం చెల్లదంది. న్యాయశాస్త్రంలో దీన్ని నాయుడు కేసు అంటారు. దేశంలోని ప్రతి లా కాలేజీలో చదువుతారు, మన ఊళ్ళో మాత్రం తెలిసినవాళ్ళు తక్కువ!

ఆ కేసులో కోర్టుకు ఒక ఇబ్బంది ఎదురైంది. రసాయన శాస్త్రం తెలియని న్యాయమూర్తులు నిపుణుల వాదనల్లో ఏది నిజమో ఎలా తేల్చాలి? శాస్త్రవేత్తలు కూడా కూర్చునే ప్రత్యేక న్యాయస్థానాలు కావాలని తీర్పులోనే రాశారు. తర్వాత అదే జగన్నాథరావుగారు లా కమిషన్ అధ్యక్షులుగా 2003లో ఆ మేరకు నివేదిక ఇచ్చారు. 2010లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం వచ్చింది. రెండు తెలుగు రాష్ట్రాల కేసులు చెన్నై బెంచికి వెళ్తాయి. ఇక జీ.ఓ. 111 సంగతి: 2022లో జీ.ఓ. 69తో ఆ ఆంక్షలను ఎత్తివేశారు. తీర్పు వచ్చినంత మాత్రాన చెరువు భద్రమైపోదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ట్రిబ్యునల్‌కు వకీలు లేకుండా బాధితుడే వెళ్ళవచ్చు. కానీ గడువులు కఠినం. పర్యావరణ వివాదమైతే కారణం పుట్టిన 6 నెలల్లో అర్జీ వేయాలి, తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు ఇస్తారు. నష్టపరిహారానికి 5 ఏళ్ళు. విశాఖలో 2020 మే 7న స్టైరీన్ వాయువు లీకై 12 మంది చనిపోయినప్పుడు ట్రిబ్యునల్ మర్నాడే తనంతట తాను కేసు చేపట్టి, కంపెనీని 50 కోట్లు జమ చేయమంది. అయితే అన్ని చోట్లా అలా జరగదు. నెమ్మదిగా, రోజూ కొంత విషం తాగే బస్తీ తరఫున ఎవరో ఒకరు గడువులోపల కాగితం రాయాలి. చదువుకున్న పిల్లలు అవసరమయ్యేది అక్కడే.

ప్రజాభిప్రాయ సేకరణ కూడా అలాంటిదే. 2006 నోటిఫికేషన్ ప్రకారం పెద్ద ప్రాజెక్టులకు అనుమతి ఇచ్చేముందు కనీసం 30 రోజుల నోటీసుతో సభ పెట్టాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలో ఉండాలి. కానీ వందల పేజీల అసలు నివేదిక సాధారణంగా ఇంగ్లీషులోనే ఉంటుంది. దాన్ని చదివి, మీ బావి గురించి ఇందులో ఇలా రాశారు అని తెలుగులో చెప్పగల లా విద్యార్థి ఆ ఊరికి ఎంతో విలువైనవాడు.

ఇక సౌర, పవన విద్యుత్తు. స్వచ్ఛమైన కరెంటు కదా, తగాదా ఏముంటుంది అనుకుంటాం. నిజానికి ఇది ఒప్పందాల చట్టం, భూమి చట్టం కలిసిన సబ్జెక్టు. బొగ్గు విద్యుత్ కేంద్రానికి ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి, సౌర పార్కుకు అక్కర్లేదు. కాబట్టి ఊళ్ళో వేల ఎకరాల్లో పలకలు పరుస్తున్నా ఆ నోటిఫికేషన్ కింద సభ జరగదు. మేకలు మేపుకునేవాడు, అసైన్డ్ భూమి దున్నుకునేవాడు తమ హక్కును రెవెన్యూ చట్టాల్లో వెతుక్కోవాలి. ధర సంగతి వేరు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో పాత ఒప్పందాల ధరలు తగ్గించబోతే కంపెనీలు హైకోర్టుకెళ్ళాయి. ఒప్పందంలోని ధరే చెల్లించాలని 2022లో తీర్పు వచ్చింది. ఆ ధర చివరికి వినియోగదారుల బిల్లుల మీదే పడుతుంది. అంతటి విషయం, ఇంతవరకు పత్రికల్లో వ్యాపార పేజీ దాటి రాలేదనే మా అభిప్రాయం.

ఈ రంగంలో పనిచేయాలనుకునే విద్యార్థి విద్యుత్ చట్టం 2003ను మూలంలోనే చదవాలి. విద్యుత్ నియంత్రణ మండలి చార్జీలపై జరిపే బహిరంగ విచారణకు ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు, అభ్యంతరం రాసివ్వవచ్చు. క్లాసులో నెలరోజుల్లో రానిది అక్కడ ఒక్కరోజులో తెలుస్తుంది. ఇంటర్‌లో ఎం.పి.సి., బై.పి.సి. చదివినవారు ఇటు రావడానికి జంకనవసరం లేదు. నీటి పరీక్ష ఫలితం, మెగావాట్ల లెక్క చదవగలిగినవారికి ఇక్కడ మొగ్గు ఉంటుంది. సంపాదన మాటకొస్తే, మొదటి కొన్నేళ్ళు పెద్దగా ఉండదు. సీనియర్ దగ్గర ఫైళ్ళు మోయాలి. కంపెనీలు, డిస్కంలు, ప్రభుత్వ మండళ్ళు కూడా ఈ చట్టం తెలిసినవారిని తీసుకుంటాయి. ఈ ఏడు చేరేవారు మొదట చేయవలసిన పని ఒకటుంది. నాయుడు కేసు తీర్పు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. కాలేజీ తెరిచేలోపు నిఘంటువు పక్కన పెట్టుకొనైనా దాన్ని మొత్తం చదవాలి.