నాస్‌లో హార్డ్‌డిస్క్ మార్చబోతుంటే అక్క అడిగిన ఒక్క ప్రశ్న

ఫోన్‌లో 'స్టోరేజ్ ఫుల్' అని వస్తే మీరేం చేస్తారు? పాత వీడియోలు డిలీట్ చేస్తారు, లేదంటే నెలనెలా డబ్బు కట్టి క్లౌడ్ తీసుకుంటారు. గూగుల్ ఫొటోస్‌లో ఫ్రీగా ఎన్ని ఫొటోలైనా దాచుకునే సౌకర్యం 2021 జూన్ 1తో పోయింది కదా. అప్పుడే మా ఇంట్లో నాస్ పెట్టాం. నాస్ అంటే వైఫై రౌటర్‌కి వైరుతో కలిపే చిన్న డబ్బా. లోపల హార్డ్‌డిస్కులు ఉంటాయి. ఇంట్లో అందరి ఫోన్ల ఫొటోలూ అందులోకి వెళ్లిపోతాయి.

మా దాంట్లో రెండు డిస్కులు, ఒక్కోటి 2 టీబీ. అయినా వాడుకోవడానికి దొరికేది 4 కాదు, 2 టీబీయే. ఎందుకంటే అది మిర్రర్, అంటే రెయిడ్ 1. ఒకదాంట్లో ఏం రాస్తే రెండోదాంట్లోనూ అదే రాస్తుంది. ఒక డిస్క్ పోయినా రెండోది కాపాడుతుందన్నమాట.

మొన్న అది 90 శాతం నిండింది. రెండు 8 టీబీ డిస్కులు కొన్నాను. మార్చే పద్ధతి సింపులే. ఒక పాత డిస్క్ తీసి, ఆ చోట కొత్తది పెట్టి, రీబిల్డ్ మొదలుపెట్టాలి. మిగిలిన పాత డిస్క్‌లో ఉన్నదంతా కొత్తదాంట్లోకి కాపీ అవుతుంది. అయ్యాక రెండోదీ అంతే. రెండూ మారేదాకా ఒక్క జీబీ కూడా పెరగదు, కంగారు పడొద్దు. చివర్లో కొన్ని బాక్సులు జాగాని వాటంతట అవే పెంచుతాయి, కొన్నింటిలో మనమే సెట్టింగ్స్‌లోకి వెళ్లి పెంచాలి.

నేను డిస్క్ లాగబోతుంటే అక్క వచ్చి అడిగింది: "ఏరా, తాతయ్య వీడియోలు ఇంకెక్కడైనా ఉన్నాయా?"

"రెండు డిస్కుల్లోనూ ఉన్నాయి కదక్కా."

"ఒకటి నువ్వే పీకేస్తున్నావు. ఈలోపు రెండోది పోతే?"

నా దగ్గర సమాధానం లేదు. తాతయ్య ఇప్పుడు లేరు. ఆయన కథలు చెప్తుంటే ఫోన్‌లో తీసిన వీడియోలు మాత్రమే ఉన్నాయి. ఆ రోజు పని ఆపేశాను. యూఎస్‌బీ హార్డ్‌డిస్క్ పెట్టి రాత్రంతా మొత్తం కాపీ చేశాను. పొద్దున్నే నాలుగైదు వీడియోలు తెరిచి, ఆడుతున్నాయో లేదో కూడా చూశాను.

ఇప్పుడు అసలు విషయం. రీబిల్డ్ జరిగేటప్పుడు మిగిలిన పాత డిస్క్ మీదే భారమంతా పడుతుంది. దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదవాలి. సెకనుకు 150 ఎంబీ చొప్పున చదివినా 2 టీబీకి దాదాపు 4 గంటలు. రెండు డిస్కులూ ఒకే రోజు కొన్నవి, ఒకేలా అరిగినవి. ఒకటి ముసలిదైతే రెండోదీ ముసలిదే కదా!

మాకు అదే జరిగింది. సగం దాటాక బాక్స్ బీప్ బీప్ మంది. పాత డిస్క్‌లో బ్యాడ్ సెక్టార్లు, రీబిల్డ్ ఆగిపోయింది. ఇక ఆ పాతదీ తీసేసి, రెండు కొత్త డిస్కులతో బాక్స్‌ని మొదటి నుంచి సెటప్ చేశాను. యూఎస్‌బీలోంచి అన్నీ వెనక్కి తెచ్చాను. యూజర్లు, పాస్‌వర్డులు మళ్లీ పెట్టుకోవాల్సి వచ్చింది. అంతే, ఇంకేం పోలేదు.

నా తప్పు కూడా ఉంది. మొదలుపెట్టే ముందు సెట్టింగ్స్‌లో స్మార్ట్ రిపోర్ట్ చూడలేదు. డిస్క్ ఆరోగ్యం అందులో తెలుస్తుంది. రెండింటిలో బలహీనంగా ఉన్నదాన్నే ముందు మార్చాలి. నేను బాగున్నదాన్ని పీకేశాను!

ఇంకో మూడు మాటలు. ఒకటి, కొనేటప్పుడు సీఎంఆర్ డిస్కేనా అని చూడండి. ఎస్ఎంఆర్‌లో ట్రాకులు పెంకుటింటి కప్పు మీద పెంకుల్లా ఒకదానిపై ఒకటి ఎక్కి ఉంటాయి. ఒకటి మార్చాలంటే పక్కవీ కదపాలి, అందుకే రీబిల్డ్ బాగా నెమ్మదిస్తుంది. రెండు, తీసే ముందు స్లాట్ నంబర్, సీరియల్ నంబర్ సరిచూసుకోండి. బాక్స్ ఆన్‌లో ఉండగా డిస్క్ తీయొచ్చో లేదో మాన్యువల్‌లో ఉంటుంది. మూడు, కరెంటు పోయే టైమ్‌లో పెట్టుకోకండి, యూపీఎస్ ఉంటే మంచిది. అన్నట్టు, 8 టీబీ పెడితే 7.27 అని చూపిస్తే మోసపోయామనుకోకండి. కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, బాక్స్ 1024తో లెక్కేస్తుంది.

మిర్రర్ అంటే బ్యాకప్ కాదు ఫ్రెండ్స్. పొరపాటున ఒక ఫొటో డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ ఒకేసారి పోతుంది. ఆ యూఎస్‌బీ డిస్క్ ఇప్పుడు అక్క వాళ్లింట్లో, బీరువాలో ఉంది. తను వచ్చినప్పుడల్లా తెస్తుంది, కొత్తవి ఎక్కించి పంపిస్తాను.

మీ ఫోన్‌లో కూడా పోతే మళ్లీ దొరకని వీడియో ఒకటి ఉండే ఉంటుంది. అది ఇంకెక్కడ ఉందో ఈ రోజే ఒకసారి చూసుకోండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!