డిస్కు వరుస మారినా గుర్తింపు మారకూడదు

అండమాన్‌లోని జంగ్లీఘాట్ రేవుకు చేపల పడవలు చేరుతున్నాయనుకోండి. ముందు వచ్చినదాన్ని 'ఒకటో పడవ', ఆ తర్వాతి దాన్ని 'రెండో పడవ' అని పిలిస్తే, రేపు ఆ పడవకు అదే పేరు దక్కుతుందా? దక్కదు. అందుకే పడవ మీదనే రిజిస్ట్రేషన్ నంబరు రాస్తారు. కంప్యూటర్‌లోని డిస్కులదీ ఇదే చిక్కు, ఇదే పరిష్కారం.

లినక్స్‌తో నడిచే కంప్యూటర్‌ను ఆన్ చేయగానే కెర్నెల్ తనకు కనిపించిన డిస్కులకు ఆ వరుసలోనే ఎస్‌డిఎ, ఎస్‌డిబి, ఎస్‌డిసి అని పేర్లు పెడుతుంది. డిస్కుల వెతుకులాట ఏకకాలంలో సాగుతుంది కనుక ఏది ముందు బదులిస్తుందో చెప్పలేం. కొత్త డిస్కు చేర్చినా, పాతది తీసేసినా వరుస జరిగిపోవచ్చు. నిన్నటి ఎస్‌డిబి నేడు ఎస్‌డిసి కావచ్చు.

దీనివల్ల నష్టమేమిటి? ఖాళీ డిస్కు అనుకుని ఎస్‌డిబిని ఫార్మాట్ చేస్తే, ఏళ్ల తరబడి దాచిన సమాచారం తుడిచిపెట్టుకుపోవచ్చు. ఏ డిస్కును ఎక్కడ జతచేయాలో చెప్పే జాబితా 'ఎఫ్‌స్టాబ్' అనే ఫైల్‌లో ఉంటుంది. అందులోని పేరుకు సరైన డిస్కు దొరక్కపోతే కంప్యూటర్ ప్రారంభదశలోనే ఆగిపోవచ్చు.

ఎదుట ఉన్న యంత్రమైతే సరిచేసుకుంటాం. దూరపు దీవిలో ఉంటే? 2004 డిసెంబరు 26 నాటి సునామీ అనంతరం, 2007లో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం ఏర్పడింది. అండమాన్ నికోబార్‌లో సముద్రమట్టాన్ని కొలిచే పరికరాల సమాచారం అక్కడికి చేరుతుంది. అటువంటి మారుమూల చోట సమాచారం భద్రపరచే కంప్యూటర్, కరెంటు పోయి వచ్చాక తిరిగి లేవలేదనుకోండి. దాన్ని సరిచేయడానికి మనిషి ఓడెక్కి వెళ్లవలసి రావచ్చు!

పరిష్కారం డిస్కులోనే ఉంది. ఎక్స్‌ట్4 వంటి ఫైల్ వ్యవస్థతో ఫార్మాట్ చేసినప్పుడు 'యుయుఐడి' అనే 128 బిట్ల సంఖ్య ఆ విభాగంలోనే నమోదవుతుంది. దీన్ని 32 హెక్సాడెసిమల్ అంకెలతో రాస్తారు. రెండింటికి యాదృచ్ఛికంగా ఒకే సంఖ్య రావడం దాదాపు అసంభవం. డిస్కును ఏ సాకెట్‌కు తగిలించినా ఈ సంఖ్య మారదు. 2003లో వచ్చిన 'యుడెవ్' అనే ప్రోగ్రాం ఈ సంఖ్యను చదివి, దాని పేరుతో ఒక లింకును సృష్టిస్తుంది. తయారీదారు ఇచ్చిన సీరియల్ నంబరుతోనూ మరో లింకు ఏర్పడుతుంది.

రెండు జాగ్రత్తలు మాత్రం అవసరం. తిరిగి ఫార్మాట్ చేస్తే సాధారణంగా కొత్త యుయుఐడి వస్తుంది. సీరియల్ నంబరు మాత్రం అలాగే ఉంటుంది. డిస్కును బిట్టుకు బిట్టు నకలు తీస్తే యుయుఐడి కూడా నకలవుతుంది. అప్పుడు అసలునూ నకలునూ ఒకే కంప్యూటర్‌కు తగిలిస్తే ఏది ఏదో తేలదు.

మీ కళాశాల లినక్స్ కంప్యూటర్‌లో 'బిఎల్‌కెఐడి' అనే ఆదేశంతో ఈ సంఖ్యలను చూడవచ్చు. కొత్త డిస్కు చేర్చే ముందే ఎఫ్‌స్టాబ్ తెరవండి. అందులో ఎస్‌డిబి వంటి పేర్లు కనిపిస్తే, వాటి స్థానంలో యుయుఐడిలు రాయండి.