చెమట గదిలో ఉన్ని టోపీ!

డిసెంబరు తెల్లవారుజాము... లాలాపేట్ నుంచీ తార్నాక నుంచీ ఉస్మానియా క్యాంపస్‌కి నడకకి బయల్దేరే పెద్దవాళ్లని చూడండి. ఒంటిమీద స్వెట్టరు, తలకి మంకీ క్యాప్. కళ్లూ ముక్కూ తప్ప ఇంకేమీ కనిపించవు. చలికి ఉన్ని, సరే. అదే ఉన్ని టోపీని ఎనభై, తొంభై డిగ్రీల వేడిలో పెట్టుకుని కూర్చుంటే? ‘మతి పోయిందా?’ అంటారు కదూ!

లాలాపేట్‌లో మా పక్కింటావిడా అదే అన్నారు. ఫిన్లాండ్‌లో ఉద్యోగం చేస్తున్న వాళ్లబ్బాయి సెలవులకి వస్తూ గంట ఆకారంలో ఉన్న మందపాటి ఉన్ని టోపీ ఒకటి తెచ్చాడు. ‘చలికా నాయనా?’ అంటే ‘కాదమ్మా, సోనాలోకి’ అన్నాడట. సోనా అంటే ఆవిడకి బంగారమే గుర్తొచ్చింది మరి!

ఫిన్లాండ్ వాళ్ల సోనా అంటే చెక్కతో కట్టిన వేడి గది. పొయ్యి మీద రాళ్లు కాగుతుంటాయి. అప్పుడప్పుడూ వాటిమీద నీళ్లు చిలకరిస్తారు. యాభై అయిదు లక్షల జనాభా ఉన్న ఆ దేశంలో సోనాలు దాదాపు ముప్ఫై లక్షలని అంచనా. 2020లో యునెస్కో ఈ అలవాటుని సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది కూడా. లోపలికి చాలామంది బట్టల్లేకుండానే వెళ్తారు. తలకి మాత్రం కొందరు ఉన్ని టోపీ పెట్టుకుంటారు. రష్యా, ఎస్టోనియాల్లో ఈ అలవాటు మరీ ఎక్కువ.

వేడిగాలి పైకి పోతుంది కాబట్టి, బల్లమీద కూర్చున్నప్పుడు కాళ్లకన్నా తల దగ్గరే సెగ ఎక్కువ. ఒంటికి ఇంకా చాలనిపించకముందే తల తిరిగినట్టవుతుంది, చెవులు చురుక్కుమంటాయి. టోపీ పని దాన్ని ఆపడమే. నిజానికి ఉన్నికి చలీ వేడీ తేడా తెలీదు. వంకీలు తిరిగిన దాని పోగుల మధ్య గాలి చిక్కుకుని ఉంటుంది. ఆ గాలిలోంచి వేడి త్వరగా దాటదు. బయట చలిగా ఉంటే ఒంటి వేడిని పోనివ్వదు, బయట మంటగా ఉంటే ఆ మంటని లోపలికి రానివ్వదు. పైగా తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకుంటుంది. నైలాన్, పాలిస్టర్‌లకి ఆ గుణం లేదు.

అలాగని ఒళ్లంతా ఉన్ని బట్టలేసుకుని సోనాలోకి వెళ్లకూడదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, ఆ దారి మూసేస్తే ప్రమాదం. ఇంకోమాట... మన జిమ్‌లలో ఎక్కువగా కనిపించే స్టీమ్ గది వేరు. అక్కడ వేడి నలభై, యాభై డిగ్రీల మధ్యే అయినా గాలి నిండా తేమే. చెమట ఆరనే ఆరదు. గుండెజబ్బూ బీపీ ఉన్నవాళ్లూ, గర్భిణులూ రెండింటికీ డాక్టరునడిగే వెళ్లాలి.

ప్రకృతి చికిత్సాలయాల్లో ఉన్నితో దీనికి తలకిందుల పని చేయిస్తారు. తడి దుప్పటి ఒంటికి చుట్టి, దానిమీద ఉన్ని కంబళి బిగిస్తారు. లోపలి వేడి బయటికి పోక కాసేపటికి చెమట పడుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో ప్రీస్నిట్జ్ అనే ఐరోపా వైద్యుడు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. ఆయన వైద్యం చదవని రైతుబిడ్డ!

తాత గొంగడి

ఈ టోపీ కథ వింటుంటే నాకు మా తాత గుర్తొచ్చాడు. మే నెల ఎండలో గొంగడి కప్పుకుని గొర్ల వెంట పోయేవాడు. ‘ఉడకపొయ్యదా తాతా?’ అంటే నవ్వేవాడు. ‘ఎండ లోపటికి రాదు బిడ్డా. గాలి మాత్రం కిందికెళ్లి ఆడుతది.’ ఒంటికి అంటకుండా వదులుగా కప్పుకోవడంలోనే ఉంది కిటుకు. వానొస్తే అదే గొంగడిని తలమీద మొనలా మడిచేవాడు. రాత్రి అదే పక్క, అదే దుప్పటి.

గొంగడి దక్కనీ గొర్రె ఉన్నిది. ఆ నలుపు చాలామటుకు గొర్రెదే, రంగు వేసింది కాదు. ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరిస్తారు. కురుమల ఇళ్లల్లో ఆడవాళ్లు వడికితే, మగవాళ్లు గుంటమగ్గం మీద నేసేవారు. నూలుకి చింతగింజల గంజి పెడతారు. ముట్టుకుంటే గరుకే, గుచ్చుకుంటుంది కూడా. మెడకి చుట్టుకునే మెరీనో శాలువాతో దానికి పోటీ లేదు.

మాంసానికి గిరాకీ పెరిగాక ఉన్నిలేని నెల్లూరు రకం గొర్రెలు తెలంగాణ మందల్లోకి వచ్చాయి. తొందరగా బరువు పెరిగే గొర్రెనే కాపరి కోరుకుంటాడు, తప్పేముంది? కాకపోతే ఆ గొర్రె నుంచి గొంగడి రాదు. పైగా బజార్లో సింథటిక్ రగ్గు చవకగా దొరుకుతోంది. ‘ఎక్కడ వేసిన గొంగడి అక్కడే’ అన్న సామెతని ఇవాళ్టి పిల్లలకి చెప్పాలంటే ముందు గొంగడంటే ఏంటో చెప్పాల్సొస్తోంది. ఫిన్లాండ్ టోపీని అపురూపంగా తిప్పి తిప్పి చూసిన మా వీధిలో, అటకల మీద ఎన్ని గొంగళ్లున్నాయో!

మా ఇంట్లో ఒకటుంది. మొన్న దించి ఎండలో వేశాం. అంచున రెండుచోట్ల పురుగు కొట్టింది. దులిపి, వేపాకు వేసి మడతపెట్టాం. వాషింగ్ మెషీన్‌లో వేద్దామని మా అబ్బాయి అన్నాడు కానీ వద్దన్నాను. వేడినీళ్లలో తిప్పితే ఉన్ని ముడుచుకుపోయి దగ్గరవుతుంది. పక్కింటి టోపీకీ అదే జాగ్రత్త... చల్లటి నీళ్లలో చేత్తో ముంచి, పిండకుండా నీడన ఆరేయాలి.

పక్కింటాయన ఆ టోపీని ఊరికే ఉంచలేదులెండి. సోనా ఎక్కడుందని వెతకడం దేనికని, తెల్లారే క్యాంపస్ నడకకి పెట్టుకెళ్తున్నారు.