గర్భిణికి ఏ పని మేలు? ఏ పని కీడు?



కోడలు నెల తప్పిందని తెలియగానే ఇంటికి వచ్చిన ఒక పెద్దావిడ "బాగా వంగి పని చెయ్యమ్మా, కాన్పు సులువవుతుంది" అంటుంది. ఇంకో ఆవిడ "మంచం దిగకు, కడుపు పోతుంది" అంటుంది. ఎవరి మాట వినాలి?

ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉంది, కొంత పొరపాటు ఉంది. ఆరోగ్యంగా ఉన్న గర్భిణికి ఒళ్లు కదలటం మంచిదే. నడిచినంత మాత్రాన కడుపు పోదు. కాని బరువులు మొయ్యటం, గంటల తరబడి వంగి పనిచెయ్యటం వ్యాయామం కాదు. అది శ్రమ.

శ్రమ వేరు, వ్యాయామం వేరు

"తెల్లారకముందే లేచి వాకిలి ఊడ్చి, నీళ్లు మోసి, వంట చేసి, ఆపైన చేలో నాట్లు వేసే మనిషికి మళ్లీ వ్యాయామం ఎందుకండీ?" అని మీరు అడగవచ్చు. సరైన ప్రశ్నే. నాట్లలో, కలుపులో పొద్దస్తమానం నడుము ఒకే తీరున వంగి ఉంటుంది. అలసినా ఆగటానికి వీలుండదు. ఎండ దెబ్బ వేరే. వ్యాయామం అలా కాదు. నెమ్మదిగా, నీడపట్టున, ఒంట్లో అన్ని కీళ్లూ కదిలేలా చేస్తాం. అలసట అనిపిస్తే ఆపేస్తాం.

గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం దాదాపు సగం వంతు పెరుగుతుంది. గుండె ఎక్కువ పని చేస్తుంది. కీళ్లను పట్టి ఉంచే బంధనాలు కొంత వదులవుతాయి. పొట్ట ముందుకు రావటంతో నడుము మీద భారం పడుతుంది, కాలు తడబడుతుంది. అందుకే మామూలు రోజుల్లో అవలీలగా ఎత్తిన బిందె ఇప్పుడు ప్రమాదం తెస్తుంది. బరువైన పనులు, ఎక్కువసేపు నిలబడి చేసే పనులు మానకపోతే నెలలు నిండకముందే కాన్పు కావచ్చు, బిడ్డ బరువు తక్కువగా పుట్టవచ్చు.

ముందు పరీక్ష, తరువాత వ్యాయామం

నెల తప్పగానే ఏఎన్‌ఎమ్ దగ్గర పేరు నమోదు చేయించుకోండి. కాన్పులోపు కనీసం 4 సార్లు పరీక్ష చేయించుకోవాలి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. హిమోగ్లోబిన్ 11 కంటె తక్కువ ఉంటే రక్తహీనత, 7 కంటె తక్కువ ఉంటే ప్రమాదం. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున కనీసం 180 ఐరన్ మాత్రలు మింగాలి.

రక్తం బాగా తక్కువైనవారు, రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారు, కవల పిల్లలను మోస్తున్నవారు, మాయ కిందికి ఉన్నదని డాక్టరు చెప్పినవారు, రక్తస్రావం అయినవారు, ఇదివరకు నెలలు నిండకుండా కాన్పు అయినవారు డాక్టరును అడగకుండా ఏ వ్యాయామమూ మొదలుపెట్టకూడదు.

చేయదగిన వ్యాయామాలు

నడక: అన్నిటికంటె మంచిది, ఖర్చు లేనిది. పొద్దున్నే గాని, సాయంత్రం చల్లబడ్డాక గాని చదునైన బాట మీద నడవండి. మొదట 10 నిమిషాలు చాలు. మెల్లగా అరగంటకు పెంచి, వారానికి 5 రోజులు నడవండి. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి. మాట తెగిపోయేలా ఆయాసం వస్తే ఎక్కువైనట్టే.

పాదాలు తిప్పటం: కాళ్లు చాచి కూర్చుని పాదాలను గుండ్రంగా 10 సార్లు ఇటు, 10 సార్లు అటు తిప్పండి. పాదాల్లో రక్తం బాగా ఆడుతుంది.

నడుముకు: చంటిపిల్ల పాకినట్టు చేతులు, మోకాళ్ల మీద ఉండి, నడుమును మెల్లగా పైకి లేపి, మళ్లీ సమంగా దించండి. 5 నుంచి 10 సార్లు చాలు. నడుము నొప్పి తగ్గుతుంది.

కింది కండరాలకు: మూత్రం ఆపుకున్నట్టు బిగించి, 5 లెక్కపెట్టి వదలండి. ఇలా 10 సార్లు. మూత్రానికి వెళ్లినప్పుడు మాత్రం చేయకూడదు. కాన్పు తరువాత దగ్గినా తుమ్మినా మూత్రం పడకుండా ఇది తోడ్పడుతుంది.

నాలుగైదు నెలలు దాటాక ఎక్కువసేపు వెల్లకిలా పడుకోకండి. పక్కకు తిరిగి, ముఖ్యంగా ఎడమ పక్కకు పడుకోండి.

మానవలసిన పనులు

ధాన్యం బస్తాలు, గడ్డిమోపులు, నిండు బిందెలు ఎత్తకూడదు. పురుగుమందు కలపరాదు, చల్లరాదు, మందు చల్లిన చేలో దిగరాదు. నిచ్చెనలు ఎక్కటం, జారే గట్ల మీద నడవటం వద్దు. మధ్యాహ్నపు ఎండలో పని వద్దు. కూలికి పోక తప్పని ఇంట్లో, కూర్చుని చేసే పని అడగండి. మాటిమాటికీ లేచి నడుము నిటారు చేయండి. మంచినీళ్లు దగ్గర ఉంచుకోండి.

ఈ గుర్తులు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి!

రక్తం కనిపించటం, ఉమ్మనీరు పోవటం, నెలలు నిండకుండా నొప్పులు రావటం, విపరీతమైన తలనొప్పి, కళ్లు మసకబారటం, కళ్లు తిరిగి పడిపోవటం, ఛాతీలో నొప్పి, కూర్చున్నా ఆయాసం, ఒక పిక్క వాచి నొప్పి పెట్టటం, బిడ్డ కదలిక తగ్గటం. "తెల్లారాక చూద్దాం" అనుకోకండి. 108కి ఫోన్ చేయండి.

భర్తకు ఒక మాట

అయ్యా! భార్య వట్టి మనిషి కాదు అని తెలిసిన రోజు నుంచి నీళ్ల బిందె, పశువుల మేత మీ పని. రాత్రి 8 గంటలు, పగలు 2 గంటలు ఆమెకు విశ్రాంతి దొరకాలి. అందరూ తిన్నాక మిగిలింది తినటం కాదు, ఆమె వేళకు కడుపునిండా తినాలి. ఎవరైనా "పని తప్పించుకుంటోంది" అంటే బదులు చెప్పవలసింది మీరే. సాయంత్రం ఆమెతో కలిసి నడవండి, నవ్వేవాళ్లను నవ్వనివ్వండి.

మళ్లీ కాన్పుకు తొందర వద్దు

కాన్పులో పోయిన రక్తం, సత్తువ మళ్లీ రావాలంటే వ్యవధి కావాలి. బిడ్డకూ బిడ్డకూ కనీసం 3 ఏళ్ల ఎడం ఉంచండి. కాన్పయిన 48 గంటల లోపే ఆసుపత్రిలో కాపర్ టి వేయించుకోవచ్చు. భర్త నిరోధ్ వాడవచ్చు. ఇక పిల్లలు చాలనుకుంటే మగవారికి కత్తి గాటు, కుట్టు లేని చిన్న ఆపరేషన్ ఉంది, అదే రోజు ఇంటికి వెళ్లవచ్చు. ఆ తరువాత 3 నెలలు, పరీక్షలో వీర్యకణాలు లేవని తేలేవరకు నిరోధ్ వాడాలి. ఏది మీకు తగినదో కాన్పుకు ముందే ఇద్దరూ కలిసి వచ్చి అడగండి.

కడుపులో బిడ్డను మోసేది తల్లి ఒక్కతే. మిగతా బరువులన్నీ ఇద్దరూ పంచుకోవచ్చు.